పంపే వైపు వేగం, అందుకునే వైపు నిదానం: టీసీపీ ఉండగా నా ప్రోగ్రామ్ మెమరీ ఎందుకు నిండిపోతోంది?

ప్రశ్న

అందరికీ నమస్తే. మూడు రోజులుగా ఒక సమస్యతో కుస్తీ పడుతున్నాను. కొంచెం పొడుగ్గానే రాస్తున్నా, ఓపిగ్గా చదివి దారి చూపించండి.

యంత్రాలకు బిగించిన సెన్సార్ల నుంచి రీడింగులు ఒక లైనక్స్ మెషిన్‌కి వస్తాయి. అక్కడ పైథాన్‌లో అసింక్‌ఐఓతో (ఒకేసారి చాలా పనులు నడిపించే లైబ్రరీ) నేను రాసిన ప్రోగ్రామ్ వాటిని పోగుచేసి, టీసీపీ (డేటా తప్పిపోకుండా, వరసగా చేరేలా చూసే నెట్‌వర్క్ పద్ధతి) కనెక్షన్ మీద ఇంకో మెషిన్‌కి పంపుతుంది. ఆ రెండో మెషిన్ ఒక్కో రీడింగ్‌ని డేటాబేస్‌లో రాసుకుంటుంది. రద్దీ వేళల్లో సెకనుకి 8,000 రీడింగులు వస్తాయి, ఒక్కోటి దాదాపు 500 బైట్లు. డేటాబేస్ వైపు ఎంత తన్నుకున్నా సెకనుకి 5,000 దాటడం లేదు.

పంపే ప్రోగ్రామ్‌కి 4 జీబీ ఇస్తే, రద్దీ మొదలైన 40 నిమిషాలకి మెమరీ నిండిపోయి లైనక్స్ దాన్ని చంపేసింది. 8 జీబీకి పెంచాను. ఈసారి గంటా ఇరవై ఐదు నిమిషాలు బతికింది, అంతే.

నాకు అర్థం కానివి రెండు. అందుకునేవాడు నెమ్మదిగా ఉంటే పంపేవాడు తనంతట తనే తగ్గుతాడని, టీసీపీలో ఫ్లో కంట్రోల్ ఉన్నది అందుకేనని చదువుకున్నాం కదా, మరి అది ఇక్కడ ఏమైంది? ఇంకోటి, నా ప్రోగ్రామ్‌లో రెండు టాస్కులున్నాయి, ఒకటి రీడింగ్ తీసుకుని క్యూలో పెడుతుంది, రెండోది క్యూలోంచి తీసి సాకెట్‌కి, అంటే కనెక్షన్‌కి నా వైపు కొసకి, రాస్తుంది. క్యూయే పెరిగిపోతోందేమోనని దాని పొడవు సెకనుకోసారి ప్రింట్ చేయించాను. ఎప్పుడు చూసినా 0 లేదా 1. క్యూ ఖాళీగా ఉంటే ఆ 4 జీబీ ఎక్కడ కూర్చున్నట్టు? ఏ లైబ్రరీలోనైనా లీక్ ఉందేమో అని అన్నీ వెతికాను, దొరకలేదు. పైవాళ్ళేమో 16 జీబీ పెట్టేసి పని కానివ్వమంటున్నారు.

జవాబు 1

16 జీబీ ఇప్పుడే పెట్టించకండి. ఇది లీక్ కాదు. క్యూ పొడవు 0 లేదా 1 అన్నారు చూడండి, అసలు ఆచూకీ అక్కడే ఉంది.

మీ రెండో టాస్క్‌లో రైటర్ డాట్ రైట్ అని పిలిచి వదిలేస్తున్నారా, లేక ఆ వెంటనే డ్రెయిన్‌ని అవైట్ చేస్తున్నారా, అంటే అది అయ్యేదాకా ఆగుతున్నారా? చేయడం లేదనే నా అనుమానం. అసింక్‌ఐఓలో రైట్ ఎప్పుడూ ఆగదు. సాకెట్ తీసుకోనంటే, ఆ బైట్లని తన సొంత బఫర్‌లో (తాత్కాలికంగా దాచే మెమరీలో) దాచుకుని వెంటనే వెనక్కి వచ్చేస్తుంది. ఆ బఫర్‌కి పైహద్దు అంటూ లేదు. డ్రెయిన్ పని ఏమిటంటే, లోపల పోగైంది ఒక గీత దాటితే, మామూలుగా అది 64 కేబీ, తగ్గేదాకా మీ టాస్క్‌ని అక్కడే నిలబెట్టడం. అది లేకపోతే మీ టాస్క్ క్యూలోంచి తీసిందే తడవుగా లోపలి బఫర్‌లోకి విసిరేస్తుంది. క్యూ ఖాళీగా కనిపిస్తుంది, సరుకంతా మీరు చూడని గదిలో పేరుకుంటుంది. మీ 4 జీబీ అక్కడుంది.

టీసీపీ తన పని తాను చేస్తూనే ఉంది. అందుకునే మెషిన్‌లో మీ ప్రోగ్రామ్ చదవనివన్నీ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లో అసలు భాగం) బఫర్‌లో నిలవ ఉంటాయి. అది నిండేకొద్దీ, నా దగ్గర ఇంకా ఇంతే చోటుందని ప్రతి ఏసీకే (అందింది అని చెప్పే) ప్యాకెట్‌లోనూ ఒక అంకె వెళ్తుంది, దాన్నే విండో అంటారు. చోటు అయిపోతే ఆ అంకె 0. అప్పుడు పంపే మెషిన్ కెర్నెల్ ఆగుతుంది, దాని సెండ్ బఫర్ నిండుతుంది, ఇప్పుడు పట్టదు, తర్వాత రా అని మీ ప్రోగ్రామ్‌కి చెబుతుంది. ఇంతవరకు గొలుసు తెగలేదు. ఆ చివరి మాటని అసింక్‌ఐఓ విన్నది, మీ కోడ్ దాన్ని అడగలేదు. తెగింది సరిగ్గా అక్కడ.

నమ్మకపోతే కొలిచి చూడండి. రద్దీ వేళ రెండు మెషిన్ల మీదా కనెక్షన్ల స్థితి చూపించే ఎస్ఎస్ కమాండ్‌ని టీ, ఎన్, ఐ ఆప్షన్లతో నడపండి. అందుకునే వైపు రిసీవ్ క్యూ అంకె, పంపే వైపు సెండ్ క్యూ అంకె, కింద వరసలో ఆర్‌డబ్ల్యూఎన్‌డీ లిమిటెడ్ అని ఏమైనా ఉంటే దాని పక్కన శాతం, ఈ మూడూ ఇక్కడ పెట్టండి.

ప్రశ్న అడిగినవారు

అండీ, మీరన్నది అక్షరాలా నిజం. డ్రెయిన్ లేదు. కొలతలు ఇవీ: అందుకునే వైపు రిసీవ్ క్యూ 3 లక్షల బైట్ల పైనే ఉండి దిగడం లేదు, పంపే వైపు సెండ్ క్యూ 25 లక్షల దగ్గర ఉంది, ఆర్‌డబ్ల్యూఎన్‌డీ లిమిటెడ్ 97 శాతం. వెళ్ళే ప్యాకెట్లని చూపించే టీసీపీ డంప్‌లో విన్ 0 (విండో 0) అని వరసగా కనిపిస్తోంది, ఇన్నాళ్ళూ దాని మీద నుంచే కళ్ళు పోనిచ్చాను గానీ పట్టించుకోలేదు.

డ్రెయిన్ పెట్టాను. లోపలి బఫర్ ఇప్పుడు 64 కేబీ దగ్గరే ఉంటోంది. కానీ ఇప్పుడు నా క్యూ పెరగడం మొదలైంది! సెకనుకి సరిగ్గా 3,000 చొప్పున ఎక్కుతోంది. అంటే సమస్యని ఒక గదిలోంచి ఇంకో గదిలోకి జరిపానంతేనా?

జవాబు 2

నాదీ ఇంచుమించు ఇలాంటి కథే. రెండు మాటలు చెబుతా. లైనక్స్‌లో కంజెషన్ కంట్రోల్‌ని (దారిలో రద్దీని బట్టి పంపే వేగం సర్దేది) బీబీఆర్ అనే పద్ధతికి మార్చండి, రిసీవ్ బఫర్, సెండ్ బఫర్ గరిష్ఠ పరిమితులు పెంచండి. దూరపు సర్వర్‌కి ఫైళ్ళు పంపేటప్పుడు నాకు వేగం చాలా రెట్లు పెరిగింది. మీక్కూడా పని చేస్తుందనుకుంటా.

జవాబు 3

పై సలహా మంచి మనసుతో ఇచ్చిందే, కానీ రోగం వేరు. ఈ రెండింటినీ కలిపేయడం చాలామంది చేస్తారు, అందుకే కొంచెం విడమర్చి రాస్తాను.

ఫ్లో కంట్రోల్ కాపాడేది అవతలి మనిషిని. కంజెషన్ కంట్రోల్ కాపాడేది మధ్యలోని దారిని. 1981లో వచ్చిన టీసీపీ ప్రమాణపత్రం ఆర్ఎఫ్‌సీ 793లో మొదటిదే ఉంది, రెండోది లేదు. అందుకునేవాడి దగ్గర చోటుంటే చాలు, దారి ఎంత ఇరుగ్గా ఉన్నా అంతా పంపేసేవాళ్ళు. 1986 అక్టోబర్‌లో దాని ఫలితం బయటపడింది. లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కీ బర్క్‌లీ యూనివర్సిటీకీ మధ్య దూరం 400 గజాలు, లింకు సెకనుకి 32 కిలోబిట్లు ఇవ్వాలి. అది 40 బిట్లకి పడిపోయింది. కిలోబిట్లు కాదు, ఉత్త బిట్లు. నెట్‌వర్క్ పరిశోధకుడు వ్యాన్ జేకబ్సన్ దాని కారణాలు తవ్వి 1988లో రాసిన పేపర్‌తో స్లో స్టార్ట్ (కొంచెంతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవడం) లాంటి పద్ధతులు టీసీపీలోకి వచ్చాయి. అప్పటినుంచి పంపేవాడు రెండు అంకెలు చూసుకుంటాడు, అవతలివాడు చెప్పిన విండో ఒకటి, దారిని బట్టి తను వేసుకున్న అంచనా ఒకటి. ఏది చిన్నదైతే అంతవరకే పంపుతాడు.

ఈ ప్రశ్నలో ఆర్‌డబ్ల్యూఎన్‌డీ లిమిటెడ్ 97 శాతం అంటే, పంపడానికి సరుకుండి కూడా కనెక్షన్ ఆగిపోయిన సమయం దాదాపు అంతా అవతలివాడి విండో వల్లేనని అర్థం. దారి ఖాళీగానే ఉంది. బీబీఆర్ దారి అంచనాని బాగుచేస్తుంది, డేటాబేస్‌ని వేగంగా నడపలేదు కదా.

జవాబు 2 రాసినవారికి ఫలితం ఎందుకొచ్చిందో కూడా ఊహించగలను. రానూపోనూ ఎంత సమయం పట్టేది? మీ కోడ్‌లో రిసీవ్ బఫర్ సైజు మీరే ఎక్కడైనా పెట్టారా?

జవాబు 2 రాసినవారు

రానూపోనూ 200 మిల్లీసెకన్లు. అవునండి, ఎక్కడో చూసి రిసీవ్ బఫర్ 64 కేబీ అని కోడ్‌లో పెట్టాను, తర్వాత పరిమితులు మార్చినప్పుడు అది తీసేశాను. 100 మెగాబిట్ల లింకులో అప్పట్లో 2.6 మెగాబిట్లకి మించి వచ్చేది కాదు.

జవాబు 3 రాసినవారు

అదీ సంగతి. 2.6 అన్న అంకె ఊరికే రాలేదు. విండో 65,535 బైట్లు అయితే, అంత పంపి జవాబు కోసం 200 మిల్లీసెకన్లు ఆగాలి. సెకనుకి అయిదుసార్లు 65,535 బైట్లు, బిట్లలో వేస్తే సుమారు 26 లక్షలు, మీ 2.6 మెగాబిట్లు అవే. ఆ లింకు నిండుగా ఉండాలంటే ఏ క్షణానికైనా దారిలో 2.5 ఎంబీ ప్రయాణిస్తూ ఉండాలి, అంటే విండో కనీసం అంత ఉండాలి. టీసీపీ హెడర్‌లో విండోకి ఇచ్చిన చోటు 16 బిట్లే, అందుకే 65,535 దాటదు. 1992లో ఆర్ఎఫ్‌సీ 1323 విండో స్కేలింగ్ తెచ్చి ఆ గోడ తీసేసింది, దాంతో 1 జీబీ దాకా చెప్పుకోవచ్చు. లైనక్స్ అవసరాన్ని బట్టి బఫర్‌ని తనే పెంచుకుంటుంది కూడా. మనం చేత్తో సైజు పెట్టిన మరుక్షణం ఆ సాకెట్‌కి అది ఆగిపోతుంది. కాబట్టి మీకు కలిసొచ్చింది ఆ వరస తీసేయడమే, బీబీఆర్ పాత్ర ఎంతో గానీ ఇది మాత్రం ఖాయం.

మీ దగ్గర అవతలివాడు వేగంగానే ఉన్నాడు, విండో చిన్నదైంది. ప్రశ్న అడిగినవారి దగ్గర అవతలివాడే నెమ్మది. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి, మందులు మాత్రం వేరు.

జవాబు 4

ప్రశ్న అడిగినవారికి: ఒక గదిలోంచి ఇంకో గదిలోకి జరిపానా అన్నారు, అవును, జరిపారు, కానీ సరైన దిక్కుకే జరిపారు. ఒత్తిడి అలాగే ఒక్కో మెట్టూ వెనక్కి వెళ్ళి చివరికి పుట్టినచోటికి చేరాలి. దీన్నే బ్యాక్‌ప్రెషర్ అంటాం.

కళ్ళతో చూడాలంటే ఇది చేయండి. టెర్మినల్‌లో యెస్ కమాండ్‌ని పైప్ చేసి స్లీప్ 1000కి ఇవ్వండి. యెస్ అనేది వై అక్షరాన్ని వరసకొకటి చొప్పున ఆగకుండా కక్కుతూనే ఉండే కమాండ్, స్లీప్ ఒక్క బైట్ కూడా చదవదు. ఇంకో టెర్మినల్‌లో టాప్ (ఏ ప్రోగ్రామ్ సీపీయూ, మెమరీ ఎంత వాడుతోందో చూపించేది) తెరిచి చూడండి. యెస్ ఒక కోర్‌ని మొత్తం తినేస్తుందనుకుంటాం, కానీ సీపీయూ 0 శాతం, మెమరీ కదలదు, హాయిగా నిద్రపోతూ ఉంటుంది. మధ్యలో ఉన్న పైప్ 65,536 బైట్లు, అది నిండగానే కెర్నెల్ యెస్‌ని రాసే చోటే నిలబెట్టేసింది. యెస్ రాసినవాళ్ళు దీనికోసం ఒక్క వరస కోడ్ కూడా రాయలేదు. టెర్మినల్‌లో కంట్రోల్ ఎస్ కొడితే తెర ఆగిపోయి, కంట్రోల్ క్యూ కొడితే కదులుతుంది చూడండి, అది కూడా ఇదే, టెలిటైప్‌ల కాలంనాటి ఆగు, పంపు సంకేతాలు, ఆస్కీలో 19, 17 నంబర్లు. ఆ ఆలోచన నాకు ఇప్పటికీ అందంగా అనిపిస్తుంది, ఒక్క అక్షరంతో అవతలివాడిని ఆపగలగడం.

మీ ప్రోగ్రామ్‌లో ఆ అందం చెడింది హద్దులేని క్యూ వల్ల. అసింక్‌ఐఓ క్యూకి సైజు ఇవ్వకపోతే హద్దు ఉండదు. జావాలో లింక్డ్ బ్లాకింగ్ క్యూకి సైజు ఇవ్వకపోయినా 200 కోట్ల పైచిలుకు దాకా పోతుంది, పేరులో బ్లాకింగ్ ఉన్నా అది ఆగేలోపే మెమరీ అయిపోతుంది. నోడ్‌లో (జావాస్క్రిప్ట్‌ని సర్వర్ మీద నడిపేది) అయితే బఫర్ నిండితే రైట్ ఫాల్స్ అని తిరిగి చెబుతుంది, ఆ ఫాల్స్‌ని ఎవరూ చూడరు.

ఇక లెక్క. సెకనుకి మిగిలేది 3,000 రీడింగులు, అంటే 1.5 ఎంబీ. 4 జీబీ నిండడానికి దాదాపు 44 నిమిషాలు. మీకు 40కి పోయింది. 8 జీబీకి దాదాపు 89, మీకు 85కి పోయింది. 16 పెడితే మూడు గంటల లోపు. బఫర్ అనేది ఒక్కసారిగా వచ్చిపడే తాకిడిని తట్టుకోవడానికి, వేగాల తేడాని ఏ బఫరూ పూడ్చలేదు.

ఇంకో సంగతి, నన్ను అడిగితే మెమరీ నిండడం కన్నా ఇదే పెద్ద ప్రమాదం. క్యూలో 4 జీబీ ఉన్నప్పుడు కొత్తగా వచ్చిన రీడింగ్ చివర నిలబడుతుంది. డేటాబేస్ సెకనుకి 2.5 ఎంబీ చొప్పున తీసుకుంటుంటే దాని వంతు 26 నిమిషాల తర్వాత వస్తుంది. 8 జీబీ అయితే 53 నిమిషాలు. యంత్రం వేడెక్కిందని సెన్సార్ చెప్పిన మాట మీ డేటాబేస్‌కి చేరేది దాదాపు గంట తర్వాత. ప్రోగ్రామ్ చావకుండా నడుస్తున్నా ఆ డేటా వల్ల ఉపయోగం ఏముంది? మెమరీ రెట్టింపు చేసినప్పుడల్లా ఆలస్యాన్ని కూడా రెట్టింపు చేసుకుంటున్నట్టే.

క్యూకి హద్దు పెట్టండి. 10,000 పెట్టి చూడండి, ఏమవుతుందో చెప్పండి.

ప్రశ్న అడిగినవారు

క్యూకి 10,000 హద్దు పెట్టాను. మెమరీ 90 ఎంబీ దగ్గర గీత గీసినట్టు నిలబడింది. మొదటి పది నిమిషాలు చాలా సంతోషించాను.

తర్వాత డేటాబేస్‌లో లెక్క చూస్తే రీడింగులు తగ్గుతున్నాయి. సెన్సార్ల నుంచి నాకు వచ్చేది యూడీపీలో (అందిందో లేదో చూసుకోకుండా పంపేసే పద్ధతి). నెట్‌స్టాట్‌లో యూడీపీ లెక్కలు చూస్తే రిసీవ్ బఫర్ ఎర్రర్స్ అన్న అంకె సెకనుకి దాదాపు 3,000 చొప్పున పెరుగుతోంది. అదే 3,000! ఇప్పుడు మెమరీలో పేరుకోకుండా నేలపాలవుతోంది. సెన్సార్లు ఆగవు, వాటికి ఆగు అని చెప్పే మార్గం కూడా లేదు. ఇప్పుడేం చేయాలి?

జవాబు 1 రాసినవారు

బాగా కనిపెట్టారు, ఒత్తిడి ఇప్పుడు పుట్టినచోటికే చేరింది. యూడీపీలో ఫ్లో కంట్రోల్ అనేదే లేదు. మీ మొదటి టాస్క్ క్యూ దగ్గర నిలబడిపోయింది, ఆ సాకెట్‌ని చదివేవాళ్ళు లేరు, కెర్నెల్ బఫర్ నిండాక వచ్చినవి చప్పుడు లేకుండా పోతాయి. పంపిన సెన్సార్‌కి కూడా తెలియదు.

పుట్టినచోటు ఆగనప్పుడు మిగిలే దారులు కొన్నే. అందుకునేవాడి వేగం పెంచాలి, లేదా ఏది పోయినా పరవాలేదో మనమే తేల్చుకుని దాన్ని పారేయాలి, లేదా డిస్క్ మీద దాచుకోవాలి. పుట్టినచోటు ఇంకో ప్రోగ్రామే అయ్యుంటే 429 కోడ్ ఇచ్చి తర్వాత రమ్మని చెప్పేవాళ్ళం, మీకా వీలు లేదు.

మొదట వేగం సంగతి. డేటాబేస్‌లో ఒక్కో రీడింగ్‌కి ఒక్కో కమిట్ (రాసింది ఖాయం చేయమనడం) చేస్తున్నారా? రోజంతా 8,000 ఉంటుందా, కొన్ని గంటలేనా? ఈ రెండూ చెప్పండి.

ప్రశ్న అడిగినవారు

ఒక్కో రీడింగ్‌కి ఒక్కో కమిట్ అండి, నాలుగు కనెక్షన్లతో. 8,000 ఉండేది రోజుకి రెండు గంటలే, మిగతా వేళల్లో 2,000 దాటదు.

జవాబు 1 రాసినవారు

అయితే మీ పని సగం అయిపోయినట్టే. ప్రతి కమిట్‌కీ డిస్క్ మీద పడిందని ఖాయం చేసుకోవాలి, ఖర్చంతా అక్కడే. 500 రీడింగుల్ని ఒక ట్రాన్సాక్షన్‌లో, అంటే ఒకే కమిట్‌తో పోయే కట్టగా, వేయండి. 500 పోగయ్యేదాకా ఆగకుండా, 500 గానీ 100 మిల్లీసెకన్లు గానీ, ఏది ముందొస్తే అప్పుడు కమిట్ చేయండి, లేకపోతే రద్దీ లేనప్పుడు చివరి రీడింగులు ఊరికే కూర్చుంటాయి.

వేగం అస్సలు పెరగలేదనే అనుకుందాం. రెండు గంటల్లో మిగిలేది 2 కోట్ల 16 లక్షల రీడింగులు, దాదాపు 10.8 జీబీ. డిస్క్‌కి ఇదో లెక్క కాదు. రద్దీ తగ్గాక సెకనుకి 3,000 చొప్పున ఖాళీ అవుతుంది కాబట్టి ఇంకో రెండు గంటల్లో పాత బాకీ తీరిపోతుంది. కాబట్టి పంపే మెషిన్‌లో క్యూ బదులు డిస్క్ మీద ఫైల్ పెట్టండి. యూడీపీ చదివే టాస్క్ దేనికోసమూ ఆగకూడదు, చదివింది ఫైల్ చివర చేర్చడమే దాని పని. ఇంకో టాస్క్ ఫైల్ మొదటినుంచి తీసి, డ్రెయిన్ పాటిస్తూ, అవతలివాడి వేగంతో పంపుతుంది. యూడీపీ సాకెట్ బఫర్ మామూలుగా 2 లక్షల చిల్లర బైట్లే ఉంటుంది, అది మాత్రం కొన్ని ఎంబీలకి పెంచుకోండి, ఫైల్ రాత కాస్త తడబడినా తట్టుకుంటుంది. బఫర్ పెంచడం సరైన మందు అయ్యేది ఇలాంటిచోటే, చిన్న కుదుపులకి.

జవాబు 3 రాసినవారు

ఫైల్ పద్ధతికి వెళ్ళేముందు ఒక హెచ్చరిక. పంపేసిన రీడింగ్‌ని ఫైల్‌లోంచి ఎప్పుడు తీసేస్తారు? డ్రెయిన్ అయిపోయింది కాబట్టి వెళ్ళిపోయినట్టే అనుకుంటే మోసపోతారు. డ్రెయిన్ అయిందంటే మీ బఫర్‌లో బరువు తగ్గిందని మాత్రమే. టీసీపీ ఏసీకే వచ్చినా, అవతలి కెర్నెల్‌కి చేరిందని మాత్రమే. అక్కడ 3 లక్షల బైట్లు రిసీవ్ క్యూలో కూర్చుని ఉండగా ఆ మెషిన్ ఆగిపోతే, ఏసీకే వచ్చిన 600 రీడింగులు ఎక్కడా లేకుండా పోతాయి. అందుకని ప్రతి రీడింగ్‌కీ వరస నంబర్ వేయండి, ఫలానా నంబర్ దాకా కమిట్ అయిందని అవతలి ప్రోగ్రామ్ జవాబు పంపాలి, అప్పుడే ఇవతల తీసేయాలి. కనెక్షన్ తెగి మళ్ళీ పంపినప్పుడు కొన్ని రెండుసార్లు వెళ్తాయి, డేటాబేస్‌లో ఆ నంబర్ మీద యూనిక్ (ఒకే నంబర్ రెండుసార్లు రాకూడదన్న నియమం) పెట్టి, ఉన్నదాన్ని వదిలేయమంటే సరిపోతుంది.

జవాబులు వెనక్కి పంపడం మొదలుపెట్టాక ఇంకో గుంట ఉంది. నేను అందులో పడ్డాను. నా పంపే ప్రోగ్రామ్ రాస్తున్నంతసేపూ చదివేది కాదు. అవతలి ప్రోగ్రామ్ ప్రతి మెసేజ్‌కీ జవాబు రాసేది. జవాబులు నా వైపు బఫర్‌లో నిండి నా విండో 0 అయింది, అవతలివాడు జవాబు రాయలేక ఆగాడు, ఆగాడు కాబట్టి చదవడం మానేశాడు, దాంతో వాడి విండో కూడా 0. ఇద్దరం ఎదురెదురుగా నిలబడి ఒకరికోసం ఒకరం ఆగిపోయాం. రాత్రి మొదలైంది పొద్దున్న నేను చూసేదాకా అలాగే ఉంది, ఎర్రర్ లేదు, కనెక్షన్ తెగలేదు. విండో 0 ఉన్నప్పుడు పంపేవాడు అప్పుడప్పుడు ఒక చిన్న ప్యాకెట్ పంపి చోటుందా అని అడుగుతుంటాడు, ఎందుకంటే చోటు తెరిచానన్న ఏసీకే దారిలో పోతే మళ్ళీ ఎవరూ పంపరు. ఆ అడగడానికి జవాబు వస్తున్నంతకాలం టీసీపీ దృష్టిలో అంతా క్షేమమే. అందుకే చదివే టాస్క్, రాసే టాస్క్ వేరుగా ఉండాలి, ఒకటి ఆగినా రెండోది నడవాలి. పైగా ఇన్ని నిమిషాలు జవాబు లేకపోతే తెంచి మళ్ళీ కలవాలి అన్న గడువు మీ ప్రోగ్రామ్‌లోనే పెట్టుకోవాలి.

జవాబు 4 రాసినవారు

ప్రమాద సూచనల రీడింగులు కూడా ఇదే కనెక్షన్‌లో వెళ్తున్నాయా? అయితే వాటికి వేరే కనెక్షన్ ఇవ్వండి. ఒకే టీసీపీ కనెక్షన్‌లో ముందున్నది ఆగితే వెనకున్నవన్నీ ఆగాల్సిందే. 2015లో వచ్చిన హెచ్‌టీటీపీ 2లో (వెబ్ పేజీలు తెచ్చే పద్ధతి) ఒకే కనెక్షన్‌లో నడిచే ప్రతి స్ట్రీమ్‌కీ విడిగా విండో పెట్టింది ఇందుకే, ఒక నెమ్మది స్ట్రీమ్ మిగతావాటి దారి మూసేయకుండా. అక్కడ కూడా మొదటి విండో 65,535 బైట్లే, దూరపు లింకులో జవాబు 2 వారికి వచ్చిన కష్టమే మళ్ళీ వస్తుంది, పెంచుకోవాలి.

ప్రశ్న అడిగినవారు

వారం తర్వాత రాస్తున్నాను, అందరికీ చాలా థాంక్స్.

500 చొప్పున కమిట్ చేస్తే డేటాబేస్ వైపు సెకనుకి 11,000 దాకా తీసుకుంటోంది. రద్దీ వేళల్లో కూడా ఫైల్ దాదాపు ఖాళీగానే ఉంటోంది. అయినా ఫైల్, వరస నంబర్లు, వేరు వేరు టాస్కులు అన్నీ పెట్టాను, ప్రమాద సూచనలకి రెండో కనెక్షన్ ఇచ్చాను. 

నిన్న రాత్రి బ్యాకప్ నడుస్తుండగా డేటాబేస్ 6 నిమిషాలు బిగుసుకుపోయింది. మొన్నటిదాకా అయితే నాకు టెన్షన్ మొదలయ్యేది. తెర ముందు కూర్చుని చూస్తూ ఉన్నాను, విన్ 0 వచ్చింది, పంపే టాస్క్ డ్రెయిన్ దగ్గర ఆగింది, మెమరీ 90 ఎంబీ దగ్గర కదల్లేదు, ఫైల్ మాత్రం 360 ఎంబీ దాకా పెరిగింది. డేటాబేస్ కదలగానే నిమిషంన్నరలో అంతా వెళ్ళిపోయింది. రిసీవ్ బఫర్ ఎర్రర్స్ 0.

ఒక్క సందేహం మిగిలింది. డేటాబేస్ రోజులతరబడి ఆగిపోతే డిస్క్ కూడా నిండుతుంది కదా, అప్పుడు పాతవి పారేయాలా, కొత్తవి ఆపాలా?

జవాబు 1 రాసినవారు

మామూలు రీడింగులైతే పాతవి పారేయండి, యంత్రం ఇప్పుడెలా ఉందన్నదే కావాలి కాబట్టి. అయితే ఫైల్‌కి ఒక హద్దు ముందే పెట్టుకుని, ఎన్ని పారేశామన్న లెక్క కూడా డేటాబేస్‌కి పంపండి, తర్వాత గ్రాఫ్ చూసేవాళ్ళకి అక్కడ ఖాళీ ఎందుకుందో తెలియాలి. ప్రమాద సూచనలు చాలా తక్కువ ఉంటాయి, వాటికి వేరే చిన్న ఫైల్ ఇవ్వండి, అందులోంచి మాత్రం ఏదీ తీయొద్దు.

ప్రశ్న అడిగినవారు

సరేనండి. హద్దు 40 జీబీ పెడుతున్నాను, సగం నిండితే నాకు మెసేజ్ వచ్చేలా కూడా.